మూడో ఓటు

శాసనసభ పరిశోధన విభాగంలో ఒక వింత పద్ధతి ఉంది. ఏ ప్రతిపాదన వచ్చినా, అది నచ్చినవాళ్లు దాని నష్టాలు రాయాలి. నచ్చనివాళ్లు లాభాలు రాయాలి.

ప్రభుత్వం రాబడికి మించి ఖర్చు చేయకూడదని రాజ్యాంగంలోనే రాసేయాలన్న ప్రతిపాదన వచ్చింది. దాన్ని నెత్తిన పెట్టుకునే ఒక ఉద్యోగినికి నష్టాలు పడ్డాయి, విని మండిపడే ఒక ఉద్యోగికి లాభాలు పడ్డాయి. ఒకే బల్ల, ఎదురెదురు కుర్చీలు.

"ఒక్క లాభం చెప్పి పుణ్యం కట్టుకోండి," అతను బతిమాలాడు.

"మన అప్పు మన పిల్లల మీద పడదు."

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"అంటే, దేశంలోని పిల్లలండీ!" ఆమె ఫైలు చాటున మొహం దాచుకుంది. "ఇప్పుడు నాకో నష్టం?"

"కరువొస్తే రాబడి పడిపోతుంది. జనానికి సాయం కావలసినప్పుడే ప్రభుత్వం చేతులు కట్టుకు కూర్చోవాలి."

మూడు వారాలకు నివేదిక ముగిసింది. ఇక ఆమె ఎదుట కూర్చోవడానికి అతనికి సాకు లేదు. ఆ ఆదివారమే, జోరువానలో, ఆమెను తనకిచ్చి పెళ్లి చేయమని ఆమె తండ్రిని అడగడానికి వెళ్లాడు.

రిటైరైన లెక్కల మాస్టారు హాల్లో గొడుగు వేసుకుని కూర్చున్నాడు. కప్పు కారుతోంది. బీరువా తలుపు మీద కాగితం: 'ఈ ఇంట్లో నెల రాబడికి మించి ఖర్చు లేదు.' పోయిన భార్య వైద్యానికి చేసిన అప్పు తీరిన రోజున రాసుకున్నాడట.

"కప్పు బాగు చేయించలేదాండీ?"

"నెలకు నాలుగు పెంకులు. వచ్చే ఏడాదికి అయిపోతుంది. నువ్వు ఇలాంటి నియమానికి వ్యతిరేకివటగా? అలాంటివాడికి పిల్లనెలా ఇచ్చేది?"

భయంతో అతని నోట మూడు వారాల లాభాలు దొర్లుకొచ్చాయి. "అయ్యో, నియమం లేకపోతే ఎన్నికల ముందు ప్రతివాడూ వరాలు కురిపిస్తాడండీ! భారమేమో తర్వాతివాళ్లకి..."

"మీరాగండి!" బకెట్‌తో వచ్చింది ఆమె. "నాన్నా, ఇవాళ పెంకులతో పోయేదానికి వచ్చే ఏడాది గోడే కట్టించాలి. గొడుగు కింద క్రమశిక్షణేంటి?"

మాస్టారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఇంతకీ మీలో ఎవరిది ఏ పక్షం?"

అతను ఆమె చేతిలోని బకెట్ అందుకుని కారే చోట పెట్టాడు. "నిజం చెప్తానండీ. నియమం ఉండాలి. కష్టకాలానికి దాంట్లో ఒక కిటికీ కూడా ఉండాలి."

మాస్టారు లేచి బీరువా దగ్గరికి వెళ్లాడు. కాగితం మీద పెన్సిల్‌తో కింద ఇంకో వాక్యం చేర్చాడు: 'అత్యవసరమైతే, ఇంట్లో మూడింట రెండొంతుల ఓట్లతో మించవచ్చు.'

"ఉన్నది ఇద్దరమేగా నాన్నా, మూడింట రెండొంతులెలా?"

మాస్టారు గొడుగును అతని తల మీదికి జరిపాడు. "ఏం బాబూ, ఈ ఇంట్లో ఓటరుగా చేరతావా?"

అతను చెయ్యెత్తేలోపే ఆమె చెయ్యి లేచింది.