గీతల్లేని వేలిముద్రలు

బాంబూఫ్లాట్ జెట్టీ వెనక వలల కొట్టు ఒకటుంది. ఆఖరి బోటు వెళ్ళిపోయాక అటుకేసి ఎవరూ తొంగిచూడరు. చేపలవేటకెళ్ళిన అసిరయ్య డింగీ పడవతో సహా సముద్రంలో మాయమైపోయాడు కదా... అప్పట్నించి రాత్రిళ్ళు ఆ కొట్టులో ఎవరో మసులుతున్నారని చెప్పుకుంటారు.

అతని పెళ్ళాం కనకలక్ష్మి అందులోనే మొగుడి బొమ్మ వేస్తోంది. శవం దొరకలేదు. పెద్ద ఫోటో లేదు. రేపు సంవత్సరీకం — దండ వెయ్యడానికి ముఖమన్నా ఉండాలి కదా! తను పనిచేసే అంగన్‌వాడీలో పిల్లలచేత పువ్వులూ చేపలూ వేయించినట్టే, స్టాంపు ప్యాడు సిరాలో వేలు అద్ది, ముద్ర పక్కన ముద్ర పెడుతూ మీసం తెచ్చింది, నుదురు తెచ్చింది.

కళ్ళే నిలవడం లేదు.

వేసి వెళ్తుంది. తెల్లారేసరికి అలికేసి ఉంటాయి. మళ్ళీ వేస్తుంది... మళ్ళీ అంతే. ఏడుపొచ్చి కాగితం చింపబోయింది. అప్పుడు కనబడ్డాయి — అలుకుడు పక్కన వేలిముద్రలు. తనవి కావు. తన ముద్రలో గీతలు సుళ్ళు తిరుగుతాయి. వీటిలో ఒక్క గీతా లేదు. నున్నగా...

పక్కింటి చిట్టిబాబు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"దీదీ... మనిషి వేలికి గీతలుండవా? బోలా థా నా, ఇక్కడ పెట్టొద్దని!"

"అయితే మా ఒంటిగదిలో చోటు నువ్వు చూపించు తమ్ముడూ!" అని కసిరింది.

ఆ రాత్రి కళ్ళు పూర్తిచేసి, దీపం ఆర్పి, వలల వెనక కూర్చుంది. దెయ్యమే రానీ... ఇవాళ ముట్టనివ్వకూడదు.

తలుపు కిర్రుమంది.

తెల్లగా ఏదో లోపలికొచ్చింది. బొమ్మ మీదికి వంగింది. తడిగుడ్డ రాస్తున్న చప్పుడు...

కనకలక్ష్మి ఫోను లైటు వేసింది.

అత్త — కాళమ్మ! చేతినిండా సిరా. ఏళ్ళ తరబడి చేపలు తోమీ ఉప్పు రుద్దీ అరిగిపోయిన వేళ్ళు. ఆధార్ మిషను కూడా పట్టని వేళ్ళు.

"ఏటత్తా ఇది!"

ముసలిది బొమ్మకి అడ్డంగా నిలబడింది.

"కళ్ళెట్టేస్తే దండేసేస్తావు," అంది గుసగుసగా. "దండేస్తే... ఆడింక రాడే."

కనకలక్ష్మి విసురుగా గుడ్డ లాక్కుంది. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోది తడిసిరాతో నిగనిగలాడుతూ తనకేసే చూస్తోంది...

గుడ్డ పట్టుకుని అలాగే నిలబడింది.

తర్వాత ఆ రెండోది తనే తుడిచేసింది.