సాఫ్ట్‌వేర్ కొట్టేసిన పేరు

"మూడింటికి కోర్టు. నలభై నిమిషాలే ఉన్నాయి హెడ్డా," అన్నాడు చీఫ్ ఉల్ఫ్.

యావ్లె పట్టణంలో నౌకాదళ ఇంజనీరును ఎవరో కాల్చి చంపారు. శవం పక్కన వాడేసిన స్నూస్ దొరికింది, పై పెదవి కింద పెట్టుకునే పొగాకు పొట్లం. డీఎన్ఏ డేటాబేస్ ఒక్క పేరే చెప్పింది: టూర్‌వాల్డ్. నౌకాదళ రహస్య కోడ్‌ల తాళం అతని దగ్గరే ఉంది. కుర్రతనంలో చేసిన కొట్లాట వల్ల డేటాబేస్‌లోకి ఎక్కాడు. ఇప్పుడు రిమాండ్ పడితే తాళం అతని డిప్యూటీకి వెళుతుంది. ఆ డిప్యూటీ విదేశీ ముఠా మనిషని ఏజెంట్ హెడ్డాకు తెలుసు. రుజువే లేదు.

పొద్దున సెల్‌లో టూర్‌వాల్డ్ ఏడ్చేశాడు. "ఆ ఉమ్ము నాదే. కానీ నేను ఆ ఇంజనీరు దగ్గరికి వెళ్లనేలేదు. మంగళవారం కెఫేలో ఎర్ర స్కార్ఫ్ ఆవిడ ఒక స్నూస్ ఇమ్మని నా డబ్బా తీసుకుంది. వాడేసినవి డబ్బా మూతలోని అరలో వేస్తాను, అవీ అందులోనే ఉన్నాయి."

హెడ్డా కొరియర్ యూనిఫాం వేసుకుని ల్యాబ్‌లో దూరింది. అక్కడ కాఫీ తాగుతున్న టెక్నీషియన్ బోరియే ఆమెకు పాత స్నేహితుడు.

"పొట్లం మీద ఇంకెవరి డీఎన్ఏ అయినా ఉందా?"

"ఉంది, మనవాళ్లదేలే. ల్యాబ్ సిబ్బంది జాబితాతో కలిస్తే పొరపాటున అంటుకుందని సాఫ్ట్‌వేర్ తనే కొట్టేస్తుంది."

"ఎవరిది?"

"సిసిలియాది."

"ఈ కేసు తను చూసిందా?"

బోరియే కప్పు కింద పెట్టాడు. "లేదే... ఆ రోజుల్లో సెలవులో ఉంది."

హెడ్డాకు ఒళ్లు మండిపోయింది. ల్యాబ్ అందగత్తె సిసిలియా ఇన్నాళ్లూ తమ ఏజెన్సీకే రహస్యాలు అందించేది, ఇప్పుడు ఆ ముఠాకు పనిచేస్తోందన్నమాట. కెఫేలో గ్లౌజులు వేసుకుంటే అనుమానిస్తారు. వేసుకోకపోయినా యంత్రం కాపాడుతుందని ధీమా.

"కొట్టేసిన వరస ప్రింట్ తియ్యి. పరిగెత్తు!"

రెండు యాభై తొమ్మిది. కోర్టులో ల్యాబ్ తరఫు సాక్షిగా బోనులో ఎర్ర స్కార్ఫ్‌తో సిసిలియా నిలబడి ఉంది. "డీఎన్ఏ అబద్ధం చెప్పదు," అని ముగించింది. న్యాయమూర్తి కలం తీసింది.

తలుపు దడాలున తెరుచుకుంది. హెడ్డా కాగితాన్ని ప్రాసిక్యూటర్ చేతిలో పెట్టింది. చదివిన అతని ముఖం పాలిపోయింది. సిసిలియా పక్క తలుపు వైపు కదిలింది, అక్కడ ఉల్ఫ్ నిలబడి ఉన్నాడు.

"చెప్పదు సిసిలియా," అంది హెడ్డా. "మనమే సగం విని ఊరుకున్నాం."

సాయంత్రం కోర్టు మెట్ల మీద టూర్‌వాల్డ్ స్నూస్ డబ్బా తీశాడు. మూత చూసి, గభాలున జేబులో పెట్టేసుకున్నాడు.

"చూయింగ్ గమ్ ఉందా?"

"వద్దులే," అంది హెడ్డా. "దానికి ఉమ్ము ఇంకా గట్టిగా అంటుకుంటుంది."