మంచం కింద వారంటీ

సువార్తమ్మ పెనం మీద అట్టు తిరగేసి, ముందు గదిలోకి చెవి వేసింది. కూతురు పింకీ మళ్లీ ఆ లాప్‌టాప్ కంపెనీవాళ్లతో ఫోన్‌లో మాట్లాడుతోంది. అంతా ఇంగ్లీషే గానీ, మధ్యలో దొర్లే వారంటీ అనే మాట మాత్రం ఈ వారం రోజుల్లో సువార్తమ్మకు బాగా పరిచయమైపోయింది.

"ఏమన్నారే?" అట్టు పళ్లెంలో పెట్టి తెస్తూ అడిగింది.

"నిన్న ఏమన్నారో అదే. గడువు దాటిపోయిందంట. లోపలి బోర్డు మార్చాలంటే ఖర్చంతా మనదేనంట. అంత పెడితే కొత్తదే వచ్చేస్తది."

"పట్టుమని ఆర్నెల్లు వాడలేదు కదే!"

"మనం వాడింది కాదమ్మా లెక్క. కొన్న రోజు నుంచి లెక్క." పింకీ అట్టు ముట్టుకోకుండానే లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

కొన్న రోజు సువార్తమ్మకు బాగా గుర్తు. పింకీ ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలోకి వచ్చిందని తెలిసిన వారమే, కువైట్‌లో తాను పనిచేసే ఇంటి మేడంగారి డ్రైవర్‌ని బతిమాలి కొట్టుకు వెళ్లి, ఆ లాప్‌టాప్ తెచ్చుకుంది. తెచ్చి మంచం కిందకు తోసింది. అక్కడే వచ్చింది చిక్కంతా. రాజోలు చుట్టుపక్కల కువైట్ నుంచి దిగిన మనిషి పెట్టె విప్పడమంటే చిన్న విషయం కాదు. చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చెయ్యాలి, చుట్టాలూ పక్కాలూ చాప మీద కూర్చోవాలి, అప్పుడు ఒక్కొక్కటీ తియ్యాలి. సీలు ఊడిన సరుకు కనిపించిందో, అరబ్బుల ఇంట్లో వాడి పారేసిందేమోనని మూతి తిప్పే మహాతల్లులు చాపకు నలుగురుంటారు. అందుకని సువార్తమ్మ డబ్బా మీద గోరు కూడా పడనివ్వలేదు. మేడం చూస్తే ఈ నెల సెలవు, వచ్చే నెల సెలవు అంటూ ఏడాది పైన లాక్కొచ్చింది. పాపం, ఆ వారంటీ కూడా మంచం కిందే పడుకుని, ఎవరికీ చెప్పకుండా కాలం చేసింది.

ఇప్పుడు ఆ లాప్‌టాప్ మీద ఇంటి బతుకే ఆధారపడి ఉంది. హైదరాబాద్ కంపెనీ పింకీని ఇంటినుంచి పనిచేసే ఉద్యోగంలోకి తీసుకుంది, ఇంకా ఖాయం చెయ్యలేదు. లాప్‌టాప్ సొంతంగా ఉండాలన్నది వాళ్ల షరతు. స్నేహితురాలి దగ్గర అడిగి తెచ్చినదాన్ని ఆదివారం ఇచ్చెయ్యాలి. ఈ ఉద్యోగం నిలబడితే సువార్తమ్మ మళ్లీ కువైట్ ఎక్కక్కర్లేదు. ఆవిడ దిగిన రోజే తల్లీ కూతురూ తండ్రీ ముగ్గురూ అనుకున్న మాట అది.

సువార్తమ్మ గేదెకు కుడితి పెట్టడానికి వెళ్లినప్పుడు అరుగు మీద ఆవిడ ఫోన్ మోగింది. పింకీ ఎత్తింది.

"వందనాలమ్మా, నేను దుర్గారావునండి. పాస్‌పోర్టు కాపీ పంపుతానన్నారు, ఇంకా రాలేదు. అక్కడ మేడంగారు తొందర పెడతన్నారండి."

సువార్తమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసరికి కూతురు ఎర్రగా చూస్తూ నిలబడి ఉంది.

"మళ్లీ వెళ్తానని ఏజెంటుకి చెప్పేవా?"

"ఊరికే, అడిగి చూసేనే..."

"ఊరికే పాస్‌పోర్టు అడుగుతారా? నాన్నా, నువ్వైనా విన్నావా ఇది?"

చూరు కింద కొబ్బరి డొక్కలు సర్దుతున్న యేసురత్నం తల తిప్పాడు. ఆయన ముఖం చూస్తేనే తెలిసింది, ఆయనకూ తెలియదని. "ఏంటే సువార్తా ఇది?" అన్నాడు నీరసంగా.

"మరేం చెయ్యమంటారండీ? తప్పు నాది. నేనే దిద్దుకోవాలి."

"తప్పు నీదే!" పింకీ గొంతు పెరిగింది. "ఎవరు దాచమన్నారు ఆ డబ్బాని? కువైట్ నుంచి దీనమ్మత్త వచ్చినప్పుడు ఇచ్చి పంపితే ఏం పోయింది? గడువులో ఉండగానే పాడయ్యేది, వాళ్లే బాగు చేసిచ్చేవాళ్లు. నలుగురి ముందూ గొప్పగా విప్పాలనేగా!"

"గొప్ప కోసమే అనుకో!" సువార్తమ్మ గడపలో కూలబడింది. "నా చేత్తో నీ చేతికిద్దామనుకున్నా. శుక్రవారం మేడం వాళ్లు బయటికి పోతే, ఆ డబ్బా బయటికి తీసి తుడిచి ఒళ్లో పెట్టుకునేదాన్నే. నిన్ను ఎత్తుకున్నట్టే ఉండేది. ఇంకోళ్లకి ఎట్టా ఇచ్చి పంపేది?"

ఆ మాటతో పింకీ కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కాసేపటికి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. తల వంచుకుంది.

"అమ్మా, తప్పు నాది కూడా. అంతకాలం ఎందుకు వాడలేదని లాప్‌టాప్ కంపెనీవాళ్లు రెండుసార్లు అడిగేరు. నేను చెప్పలేదు."

"చెప్పడానికేం?"

"నువ్వక్కడ ఇంటిపని చేసేవని చెప్పాలిగా. కాలేజీలో, ఆఫీసులో అందరికీ నర్సువని చెప్పేను."

సువార్తమ్మ అంట్లు తోమి తోమి గోళ్లు అరిగిపోయిన చేతులు చీర కొంగులోకి లాక్కుంది. అయినా తల్లి కదా, "నర్సంటే తెల్లబట్టలేగా. నాకు బానే ఉండేవిలే," అంది నవ్వుతూ. ఆ నవ్వు చూడలేక పింకీ చటుక్కున ఫోన్ అందుకుని లాప్‌టాప్ కంపెనీకి కలిపింది.

ఈసారి తెలుగు మాట్లాడేవాళ్లు కావాలంది. స్పీకర్ పెట్టింది. అవతల ఒకావిడ పలికింది.

"మేడం, అంతకాలం ఎందుకు వాడలేదని అడిగేరు కదండీ. మా అమ్మ కువైట్‌లో ఒకరింట్లో పనిచేసేదండి. వంట, అంట్లు, పిల్లల్ని చూసుకోడం. జీతం కూడబెట్టి నాకోసం ఇది కొన్నాది. సెలవు దొరక్క ఏడాది పైన మంచం కిందే దాచింది. సీలు కూడా తియ్యలేదండి. మీవాళ్లు మిషన్ తెరిచి చూస్తే ఎంత వాడేమో తెలుస్తది కదండీ. ఒక్కసారి చూడమనండి."

"ఈ రకంలో ఇదే ఫిర్యాదు ఇంకొందరు చేశారమ్మా. నేను మాట ఇవ్వలేను. పైవాళ్లకు రాసి, సాయంత్రం చెప్తాను," అందావిడ.

మధ్యాహ్నం ఎవరికీ అన్నం దిగలేదు. ఫోన్ మోగితే ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. దుర్గారావు. సువార్తమ్మ కూతురి వంక చూసింది.

"కంపెనీవాళ్లు కాదన్నా సరే, నువ్వు వెళ్లద్దమ్మా. ఈ ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటా," అంది పింకీ.

"దుర్గారావుగారూ, నేను రావట్లేదండి," అంది సువార్తమ్మ ఫోన్‌లో.

"ఇంట్లో కష్టం తీరిందాండి?"

"ఆయ్... ఇంకా తీరలేదండి. అయినా రాను."

దీపాలు పెట్టే వేళకు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఈ ఒక్కసారికీ బోర్డు వాళ్లే మారుస్తారట, రేపు మనిషి వచ్చి పట్టుకెళ్తాడట. అది తిరిగొచ్చేదాకా ఆఫీసును గడువు అడగాలి. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పే అడుగుతానంది పింకీ. యేసురత్నం చేతులెత్తి దేవుడికి స్తోత్రం చెప్పాడు. ఇటు తిరిగి చూస్తే భార్య కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"పిచ్చిదానా, బాగు చేస్తామంటే ఏడుస్తావేంటి?"

"అందుక్కాదండీ," అంది సువార్తమ్మ, కూతురి తల గుండెకు అదుముకుంటూ. "నేను చేసిన పనేంటో ఇన్నేళ్లకి నా బిడ్డ నోట విన్నాను."