అన్నీ ఎడమ పాదాలే

మ్యూజియం వెనక గదిలో ఎప్పుడూ తడి ప్లాస్టర్ వాసన వచ్చేది. అక్కడ కూర్చుని జంతువుల నమూనాలు చేసే పెద్దమనిషిని ఊరంతా తీసివేతల మాస్టారు అనేవారు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. పై కొండల్లో కోతిలాంటి మనిషో, మనిషిలాంటి కోతో తిరుగుతోందని ఎవరైనా రుజువు పట్టుకొస్తే చాలు, దాన్ని బల్లమీద పెట్టి లెక్క మొదలుపెట్టేవాడు. "ఇందులో ఎలుగుబంటి ఎంత? వాన ఎంత? మనిషి కొంటెతనం ఎంత? అవన్నీ తీసేశాక ఏమైనా మిగిలితే అప్పుడు మాట్లాడుకుందాం." ఇన్నేళ్ళలో ఏదీ మిగల్లేదు.

వాదన ముగించడానికి ఆయన దగ్గర ఒక కొయ్యపాదం ఉండేది. మనిషి పాదానికి రెండింతలు ఉంటుంది. స్వయంగా చెక్కాడు. ఎడమది మాత్రమే. కుడిది చెక్కే ఓపిక లేక వదిలేశాడు. కొయ్య ఆరేటప్పుడు మడమ దగ్గర ఏటవాలుగా ఒక పగులు వచ్చింది. ఎక్కడికి పిలిచినా దాన్ని సంచిలో వేసుకుని వెళ్ళి, బురదలో అదిమి, "ఇదిగో మీ కొండమనిషి" అనేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. కిందటి వానాకాలంలో అడవి కాపలావాళ్ళకి ఈ పాఠం చెప్పమంటే కొండెక్కి, నిప్పుకాపలా టవర్ పక్కనున్న బురదలో పాతిక గుర్తులు వేసి చూపించి వచ్చాడు. వాటిని చెరిపేయాలని ఎవరికీ తోచలేదు.

ఆ టవర్‌లో ఉండేది ఆయన బామ్మర్దే. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. అడవిలో ఎక్కడైనా పొగ లేస్తే వైర్‌లెస్‌లో కిందికి చెప్పడం అతని పని. పెళ్ళాం బిడ్డలు లేరు. నోరు మాత్రం నలుగురి పెట్టు. సాయంత్రం పిలుపు వచ్చే వేళకి అక్కగారు వెనక వీధిలోని అడవి శాఖ రేంజు ఆఫీసుకి వెళ్ళి కూర్చునేది. రోజూ అవే మాటలు. "టవర్ నుంచి. పొగ లేదు. కోతిగారు క్షేమం. అక్కా, తిన్నావా?" రేంజరు కసురుకునేవాడు. అయినా ఆమె కోసం ఆ నాలుగు మాటలూ సాగనిచ్చేవాడు.

అలాంటివాడు సెలవుకి దిగివచ్చి, మళ్ళీ పైకి వెళ్ళనని మొరాయించాడు.

రేంజు ఆఫీసులో విచారణ పెట్టారు. బల్లకి ఒకవైపు రేంజరు, పై ఆఫీసు నుంచి వచ్చిన ఇద్దరు. రెండోవైపు బావాబామ్మర్దులు.

"దానికి నేను పేరు పెట్టట్లేదు బావా," అన్నాడు బామ్మర్ది. "ఏదో ఉంది అంటున్నా. నన్ను దింపేయండి అంటున్నా. అంతే."

"నువ్వు దిగితే నిప్పు ఎవరు చూస్తారయ్యా?" అన్నాడు రేంజరు. "సరైన రుజువుంటే టవర్ మూయిస్తాను. లేదంటే సోమవారానికి నువ్వు పైనుండాలి. మాస్టారు చెప్పేదే మాకు ఆఖరి మాట."

బామ్మర్ది ముందుగా ఓ వెంట్రుకల కుచ్చు తీశాడు. మాస్టారు భూతద్దం పెట్టి చూశాడు. "ఎలుగుబంటి. మెడ మీదిది."

ఆ తర్వాత ఫోన్‌లో ఓ శబ్దం వినిపించాడు. పొగమంచులో ఎవరో వేసిన ఈల. పాతపాట పల్లవిలో సగం ముక్క.

"ఇది నా ఈలే బావా. నేను వేస్తే కొండ తిరిగి వేస్తోంది."

"దాన్ని ప్రతిధ్వని అంటార్రా."

అందరూ నవ్వారు. బామ్మర్ది నవ్వలేదు. "ప్రతిధ్వని అప్పుడే వస్తుంది బావా. ఇది మర్నాడు వచ్చింది."

"మర్నాడు వేసినవాడు ఇంకోడు. కట్టెలకి వచ్చినవాడికి నీ పాట నచ్చి ఉంటుంది."

చివరికి బామ్మర్ది గోనెసంచి విప్పి ప్లాస్టర్ అచ్చులు వరసగా పేర్చాడు. అచ్చు పోయడం బావ దగ్గర నేర్చుకున్నదే. మాస్టారు ఒక్కొక్కటీ వెలుతురులోకి తిప్పి చూశాడు.

"అన్నీ ఎడమ పాదాలేరా! మీ కోతిగారు ఒంటికాలి మీద గెంతుతారా, లేక రెండూ ఎడమకాళ్ళేనా?"

రేంజరు కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు. మాస్టారు మాత్రం ఒక్క క్షణం ఆగిపోయాడు. మడమ దగ్గర ఏటవాలుగా పగులు. సంచిలోంచి కొయ్యపాదం తీసి పక్కన పెట్టాడు. అదే పగులు. అదే చోట.

"అయ్యా, ఇది నా పాదం గుర్తే. ఆ రోజు నేను వేసిన గుర్తుల్లోంచి ఎవరో అచ్చు తీసి, మరో పాదం చేయించారు. ఇందులో తీసేయడానికి కూడా ఏం లేదు."

టవర్ దగ్గర అచ్చులు పోయడం తెలిసినవాడు ఒక్కడే. అందరూ అతనికేసి చూశారు.

"నేనా బావా?" అన్నాడు బామ్మర్ది. మామూలు గొంతుతోనే, "మీ పెళ్ళిలో నా జేబులో కప్ప ఉందంటే నువ్వు నమ్మలేదు, గుర్తుందా? చెయ్యి పెట్టి చూశాకే కదా కెవ్వుమన్నావు. నీది ఎప్పుడూ ఇంతే," అని అచ్చులన్నీ సంచిలో వేసుకున్నాడు.

ఆ రాత్రి కంచాలు తీస్తూ భార్య అంది: "వాడు నిజంగా భయపడుతున్నాడండీ. భయం రుజువు కాదా?"

"కాదు," అన్నాడు మాస్టారు.

సోమవారం బామ్మర్ది కొండెక్కాడు. కొన్నాళ్ళపాటు పిలుపు వేళకి వస్తూనే ఉంది. ఒకరోజు మాస్టారు కూడా భార్య పక్కన కూర్చుని వింటుండగా, "పొగ లేదు" అన్నాక దగ్గు అడ్డం వచ్చింది. గొంతు సవరించుకుని "కోతిగారు క్షేమం. అక్కా, తిన్నావా?" అన్నాడు. మర్నాడు పిలుపు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

కాపలావాళ్ళు పై ఊళ్ళనుంచి వచ్చి చేరేలోగా మాస్టారు రేంజరు జీపు అడిగి తీసుకుని బయల్దేరాడు. దారి ఆగిపోయే చోట డ్రైవరు జీపులోనే ఉండిపోయాడు. మంచు చెట్ల నడుమ పాలు విరిగినట్టు ముద్దలు ముద్దలుగా వేలాడుతోంది. ఆయన టవర్ చేరేసరికి వెలుతురు పల్చబడింది. చుట్టూ నానిన ఆకుల వాసన. దాని కింద మరో వాసన... తడిసిన కంబళిని మూటకట్టి మరిచిపోతే వచ్చేలాంటిది.

టవర్ కింద బామ్మర్ది ఉండే గుడిసె తలుపు తెరిచే ఉంది. కంచంలో తిన్నంత తిని వదిలేసిన అన్నం. వైర్‌లెస్ మీద పచ్చ దీపం వెలుగుతోంది. మంచం పక్కన ఒక బూటు ఉంది. కుడిది. లేసులు విప్పి ఉన్నాయి. ఎడమది ఎక్కడా లేదు. ఉన్నదాన్ని చేతిలోకి తీసుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"ఒరేయ్!" అని పిలిచాడు. మంచు ఆ పిలుపుని మింగేసింది.

గుమ్మం ముందు బురదలో అడుగులు కనిపించాయి. ఎడమ. కుడి. ఎడమ. కుడి. మాస్టారు మోకాళ్ళమీద వంగి చూశాడు. ఎడమ మడమలో తన పగులు ఉంది. కుడి మడమలోనూ అదే పగులు, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. కుడి పాదం ఆయన చెక్కలేదు. గుర్తు ఎంత లోతు దిగిందో చూశాడు. కొయ్య అదిమితే వేళ్ళ దగ్గరా మడమ దగ్గరా లోతు ఒకేలా ఉంటుంది. ఇక్కడ వేళ్ళు బురదని వెనక్కి నెట్టాయి. నడిచిన కాలు అది.

భయపడాల్సిన మనిషి అలవాటు కొద్దీ సంచి విప్పాడు. గిన్నెలో ప్లాస్టర్ పోసి, నీళ్ళు కలిపి, గరిటెతో తిప్పాడు. చివర్లో గరిటెని గిన్నె అంచుకి రెండుసార్లు కొట్టడం ఆయనకి అలవాటు. కొట్టాడు. కుడి గుర్తులో పోశాడు. గట్టిపడేదాకా కదపకూడదు. కదిపితే అచ్చు విరిగిపోతుంది. పక్కనే గొంతుక్కూచున్నాడు.

గాలి లేదు. ఆకులమీంచి నీటిచుక్కలు పడుతున్నాయి. అంతే.

అప్పుడు వినిపించింది.

కిర్రు... కిర్రు... కిర్రు...

గిన్నెలో గరిటె తిరుగుతున్న చప్పుడు. ఎడమవైపు చెట్ల వెనకనుంచి వస్తోంది. ఆయన తన గిన్నెకేసి చూశాడు. గరిటె అందులోనే ఉంది. కదలట్లేదు. దూరంగా ఆ చప్పుడు ఆగింది. టక్. టక్.

మాస్టారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ప్లాస్టర్ మీద వేలు ఆనించాడు. ఇంకా మెత్తగానే ఉంది.

కిర్రు... కిర్రు... ఈసారి దగ్గరగా. అక్కడ గిన్నె లేదు. గరిటె లేదు. గొంతులోంచి వస్తున్న చప్పుడు అది. ఊపిరి అందక మధ్యలో ఆగుతోంది... మళ్ళీ మొదలవుతోంది... మొదటిసారి కంటే బాగా వస్తోంది.

టక్. టక్.

"ఒరేయ్... నువ్వేనా?" అన్నాడు గుసగుసగా.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత మంచులోంచి, అంతే గుసగుసగా...

"ఒరే... ఒరే... య్..."

అచ్చు గట్టిపడిందో లేదో ఆయన చూడలేదు. పెరికి చంకలో పెట్టుకుని, రెండో చేత్తో బూటు పట్టుకుని, జీపు ఉన్నవైపు అడ్డంపడి పరిగెత్తాడు.

కాపలావాళ్ళు లోయంతా గాలించారు. ఏమీ దొరకలేదు. మళ్ళీ విచారణ జరిగింది. అదే బల్ల. ఈసారి మాస్టారు బామ్మర్ది కుర్చీలో కూర్చున్నాడు. ఆయన కుర్చీలో ఆయన శిష్యురాలు. పదేళ్ళు ఆయన పక్కనే నిలబడి పని నేర్చుకున్న మనిషి.

"వెతకడం ఆపకండి," అన్నాడు మాస్టారు. "టవర్ మూసేయండి. ఇంకెవర్నీ పైకి పంపకండి. నేను అడిగేది ఇంతే."

శిష్యురాలు అచ్చుని చేతిలోకి తీసుకుంది. తొందరపడి పెరికినందుకు వేళ్ళ వైపు విరిగిపోయింది. నడక తెలిసేది ఆ వేళ్ళవల్లే. మిగిలింది మడమ, దానిమీద పగులు.

"ఎడమదాన్ని తిరగేసి చెక్కితే కుడిది వస్తుంది మాస్టారూ," అంది ఆమె, తలెత్తకుండా. "మనిషి చేతికి సాధ్యమైనదేదీ సాక్ష్యం కాదని మీరే నేర్పారు."

"మరి ఆ చప్పుడు?"

"ఇంకెవరైనా విన్నారా?"

తన వాక్యాలే. తన గొంతు తప్ప అన్నీ తనవే.

సరిగ్గా అప్పుడు పక్కగదిలో వైర్‌లెస్ గరగరలాడింది.

"టవర్ నుంచి. పొగ లేదు..." దగ్గు. గొంతు సవరించుకున్న చప్పుడు. "కోతిగారు క్షేమం. అక్కా, తిన్నావా?"

బయట బెంచీమీద కూర్చున్న అక్కగారు ఒక్క అరుపు అరిచి లోపలికి పరిగెత్తింది. "తమ్ముడే! వాడేనండీ!" రేంజరు కుర్చీలోంచి లేచి బల్లమీద చరిచాడు. "ఎక్కడో తాగి పడుకుని ఉంటాడు వెధవ!" అందరి ముఖాలూ విచ్చుకున్నాయి.

మాస్టారు ఒక్కడే కదల్లేదు. ఆ దగ్గు ఆఖరి రోజుది. అదే చోట వచ్చింది. అంతసేపే ఉంది.

ఆయన వెళ్ళి మైకు అందుకున్నాడు. "ఒరేయ్, బావనిరా. మా పెళ్ళిలో నీ జేబులో ఏముంది?"

గరగర. ఊపిరి. చాలాసేపు ఊపిరి.

"అక్కా... తిన్నావా?"

"వినిపించట్లేదేమో పాపం," అంది ఆమె కన్నీళ్ళు తుడుచుకుంటూ.

"మనిషి గొంతే వినిపించాక ఇంకేం రుజువు కావాలి మాస్టారూ?" అన్నాడు రేంజరు. లోయలో వెతుకుతున్నవాళ్ళని వెనక్కి రమ్మని అక్కడికక్కడే కబురు పంపాడు. ఆ బల్లమీద ఇన్నేళ్ళలో సందేహం లేకుండా నెగ్గిన సాక్ష్యం అదొక్కటే.

ఆ సాయంత్రం ఊళ్ళోకి కూడా మంచు దిగింది. భార్య వంటింట్లో ఉంది. ఎన్నాళ్ళకో కూనిరాగం తీస్తోంది. మాస్టారు ముందుగదిలో కూర్చుని కిటికీలోంచి వీధికేసి చూస్తున్నాడు. గేటునుంచి గుమ్మం దాకా మట్టిదారి మీద అడుగులు. ఇందాక లేవు. బూటు అడుగులు. మడమ లోపలివైపు అరిగిన బూటు. ఎవరిదో ఆయనకి తెలుసు.

ఎడమ. ఎడమ. ఎడమ. ఎడమ.

తలుపు అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు.

"అక్కా, తిన్నావా?"

భార్య చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. ఆయన అడ్డం వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "తియ్యకు... గడియ తియ్యకు..."

ఆమె చెయ్యి విడిపించుకుంది. ఆ ముఖంలో కోపం లేదు. జాలి ఉంది. "మీకు ఇంకా రుజువు కావాలా?" అంది.

ఆయన వెనక్కి చూశాడు. బల్లమీద కుడి బూటు ఉంది. తెచ్చినరోజు లేసులు విప్పి ఉన్నాయి. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు లేసులు ముడివేసి ఉన్నాయి. వంకరగా... చేతకాని చేతులు వేసిన ముడి.

గడియ జరుగుతున్న చప్పుడు వింటూ, ఆయన బూటులో చెయ్యి పెట్టి చూశాడు.

లోపల వెచ్చగా ఉంది.