మూడు దేశాల అభిప్రాయం

చోడవరం డిగ్రీ కాలేజీలో ఫిలాసఫీ చెప్పే ధర్మతేజ దగ్గర ఏ ప్రశ్నకైనా మూడు జవాబులుండేవి: గ్రీకులదొకటి, చైనా వాళ్ళదొకటి, మనదొకటి. తనదంటూ ఒకటుండాలని ఎప్పుడూ తోచలేదు. చెరుకు రైతుల పిల్లలు పాపం, మూడూ రాసుకునేవారు.

కామర్స్ చెప్పే షర్మిల ఖాళీ పీరియడ్లలో ఆ క్లాసుకొచ్చి వెనక బెంచీలో కూర్చునేది. ఆమెకి ఫిలాసఫీ అంటే ఇష్టమని ధర్మతేజ నమ్మాడు. అంత చదువుకున్నవాడు ఇంకేం నమ్ముతాడు! ఆమె రాని రోజు మాత్రం పాఠం సగంలో మరిచిపోయేవాడు.

ఆ గురువారం వాన జోరుగా ఉంది. క్లాసయ్యాక వరండాలో నిలబడి, ఆదివారం గాజువాక నుంచి పెళ్ళిచూపులకి వస్తున్నారని చెప్పిందామె.

"ఏటి చెయ్యమంతారు మాస్టారూ?"

ధర్మతేజ గుండె దడదడలాడింది. నోరు మాత్రం అలవాటు కొద్దీ, బతుకుని ప్రశ్నించుకోమన్నారు గ్రీకులు, పెద్దల మాట గౌరవించమన్నారు చైనా వాళ్ళు అంటూ మొదలెట్టింది. మన వాళ్ళ దగ్గరికొచ్చేసరికి షర్మిల గొడుగు తెరిచింది.

"మంచిదండి. ఆళ్ళల్లో ఎవరో ఒకరొచ్చి మా నాన్నతో మాటాడితే బాగున్ను," అని వెళ్ళిపోయింది. మర్నాడు కాలేజీకి రాలేదు.

ధర్మతేజకి అన్నం సయించలేదు. శనివారం పొద్దున్నే ఆటో ఎక్కి బుచ్చయ్యపేట పోయాడు. షర్మిల తండ్రి బంగార్రాజు వాకిట్లో ఆవుకి గడ్డి వేస్తున్నాడు. ధర్మతేజ ఏ దేశాన్నీ తలుచుకోకుండా ఒక్క గుక్కలో చెప్పేశాడు: షర్మిలంటే ప్రాణం, తనకే ఇచ్చి చెయ్యమని.

బంగార్రాజు ఎగాదిగా చూశాడు. ఊరు, ఉద్యోగం, అమ్మానాన్నల సంగతి అడిగాడు. అన్నీ విని తలూపాడు.

"బాగానే ఉంది గానీ, మా గుంట ఏటందేటి బాబూ?"

ధర్మతేజ తెల్లమొహం వేశాడు. ఆడపిల్ల ఇష్టాయిష్టాల గురించి ఏడాదంతా మూడు దేశాల మాటలు చెప్పినవాడు, తాతల కాలంలోలా తిన్నగా తండ్రి దగ్గరికొచ్చాడు. పిల్లని అడగనేలేదు.

అప్పటికే గుమ్మంలో నిలబడి అంతా వింటోంది షర్మిల.

"ఇంతకీ ఎవరిని చేసుకుంతారు మాస్టారూ? నన్నా, మా నాన్ననా?"

బంగార్రాజు నవ్వు దాచుకోవడానికి ఆవు వైపు తిరిగాడు. ధర్మతేజ గుమ్మం దాకా నడిచాడు.

"షర్మిలా, నన్ను చేసుకుంటారా?"

ఆమె కళ్ళు నిండిపోయాయి.

"గాజువాక వాళ్ళని రావద్దని నిన్ననే నాన్న చేత ఫోన్ చేయించేసేను. మీరొస్తారన్న నమ్మకం లేకపోయినా చేయించేసేను."