టికెట్టు కొని బయట కూర్చున్నవాడు

ఆత్మకూరులోని ఆ ఇంట్లో తెల్లవారితే రెండే చప్పుళ్లు వినిపించేవి. ఒకటి వంటింట్లో రూబీ వేసే తిరగమోతది. రెండోది పెరట్లో దయాసాగర్ డ్యూటీకి బూట్లు తుడుచుకునేది. ఆర్టీసీలో కండక్టరు అతను, ఉదయగిరి సర్వీసు మీద వెళ్తాడు. మాట తక్కువ, నవ్వు అంతకన్నా తక్కువ. వరికుంటపాడు పక్క పల్లె నుంచి మోకాళ్ల వైద్యానికని అతని తల్లి శీనమ్మ వచ్చాక మూడో చప్పుడు కూడా చేరింది.

"పట్టుకోరా! ఆ జాడీ పడిపోతుండాది, పట్టుకో!"

టీవీలో ఒక చైనా కుర్రవాడు పింగాణీ సామాన్ల అంగడిలో రౌడీల చేతికి చిక్కాడు. కాలితో ఒకణ్ణి తంతూ, పడబోయే జాడీని చేత్తో పట్టుకుంటూ, మోకాలితో ఇంకో గిన్నెను ఆపుతున్నాడు. ఈలోగా తల అలమరకు కొట్టుకుంది. తల రుద్దుకుని పారిపోయాడు. శీనమ్మ పడీపడీ నవ్వింది.

ఈ పిచ్చి అంటించింది మనవరాలు ఏంజెలిన్. ఇంటర్ చదివే ఆ పిల్ల ఒకరోజు తన ఫోన్లోంచి టీవీకి కలిపి ఒక కరాటే కామెడీ పెట్టింది. అంతే, అవ్వకు సీరియళ్లన్నీ చప్పబడిపోయాయి.

"కొట్టేదానికన్నా సామాన్లు కాపాడేదే ఎక్కువమ్మే వీడు!" అంది శీనమ్మ కోడలితో. "గొప్పోళ్ల బిడ్డ కాదు. గిన్నె పగిలితే ఇంట్లో ఏమంటారో తెలిసినోడు. దెబ్బ తగిలితే అబ్బా అంటాడు చూడు, ఎంత బాగుండాదో! మన హీరోలు అనరే."

రూబీకి అత్త నవ్వు వినడం బాగానే ఉంది. సినిమా అన్న మాట వింటే మాత్రం లోపల ఎక్కడో ముల్లు కదులుతుంది. పెళ్లయిన కొత్తలో తను అడగ్గా అడగ్గా దయాసాగర్ హాలుకు తీసుకెళ్లాడు. ఒక్కటే టికెట్టు కొన్నాడు. దాన్ని ఆమె చేతిలో పెట్టి, "చూసి రా పో, నాకు పడదు" అని ఎదురుగా ఉన్న టీ అంగడిలో కూర్చున్నాడు. జంటల మధ్య ఒంటరిగా కూర్చుని రూబీ ఆ సినిమా చూసింది. ఏం చూసిందో ఆమెకే తెలియదు. ఏంజెలిన్ పుట్టాక టికెట్లు రెండయ్యాయి, అతను మాత్రం టీ అంగడిలోనే ఉండిపోయాడు. నలుపు పిల్లనని పక్కన కూర్చోవడానికి నామోషీ కాబోలు అనుకుందామె. అడగలేదు. అడిగితే అవునంటాడేమోనని భయం.

ఆ పొద్దున దయాసాగర్ యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ లోపలికి వచ్చాడు. రిమోటు తీసుకుని టీవీ కట్టేశాడు.

"ఏందిరా, మంచి ఫైటింగులో ఆపినావు?" అంది శీనమ్మ.

"ఈ ఇంట్లో ఇవి వద్దమ్మా."

"నేనేమన్నా సారా తాగుతుండానా? నవ్వుకుంటుండాను. మోకాళ్ల నొప్పి కూడా గుర్తుకు రాలా."

"నాన్నా, ఇందులో రక్తం కూడా చూపించరు. అంతా నవ్వులాటే" అంది ఏంజెలిన్.

"నువ్వు నోరు మూసుకో!"

గొంతు పెంచి ఎరుగని మనిషి. వంటింట్లోంచి రూబీ గరిటెతోనే బయటికి వచ్చింది.

"బిడ్డ మీద ఎందుకు అరుస్తావు? మీయమ్మ చూస్తే నీకేం పోయింది?" అంది.

"నాకేం పోయిందా?" దయాసాగర్ తల్లి వైపు తిరిగాడు. "ఇవే కదమ్మా నేను చూసింది? ఉదయగిరిలో వీడియో హాలుకు పోయి ఇవే కదా చూసినాను? ఆరో తరగతిలో నన్ను ఆదివారం సంఘం ముందర నిలబెట్టినావు. అప్పుడు నా చేతికి కట్టు కట్టుండింది. ఇంక జన్మలో సినిమా చూడనని తీర్మానం చేయించినావు. అందరూ ఆమేన్ అన్నారు. నేను చూస్తే పాపం, నువ్వు చూస్తే నవ్వులాటా?"

శీనమ్మ నోరు తెరిచి కొడుకును చూసింది.

"ఎప్పుడురా?" అంది.

ఆ మాటతో అతని ముఖం పాలిపోయింది. దబాయింపు కాదు, దాటవేత కాదు. ఆమెకు నిజంగానే గుర్తు లేదు. దయాసాగర్ టికెట్ల మిషను సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అన్నం క్యారియరు బల్ల మీదే ఉండిపోయింది.

చాలాసేపటికి శీనమ్మ తనలో తను మాట్లాడుకుంటున్నట్టు మొదలుపెట్టింది. "చెయ్యి విరగ్గొట్టుకున్నది గుర్తుండాది. ఆ హాల్లో చూసొచ్చి గడ్డివామికి నిచ్చెన వేసి పైనుంచి ఎగిరి దూకినాడు. వాళ్ల నాయన ఊళ్లో లేడు. ఎత్తుకోని పరిగెత్తినాను. చెయ్యి అవిటిదైపోతాదేమోనని నా పానం పానంలో లేదు. తర్వాత ఆ కోపంలో కొట్టినాను కూడా. సంఘంలో నిలబెట్టింది మటుకు... లేదమ్మే, ఎంత తలుచుకున్నా రాలా. నేను మర్చిపోయిన మాటను వాడు ఇన్నేళ్లు మోసినాడా?"

రూబీ క్యారియరు తీసుకుని పెరటి మెట్టు మీద కూర్చుంది. టీ అంగడి గుర్తొచ్చింది. ఎండలో, వానలో, పండగ రద్దీలో అక్కడే కూర్చున్న మనిషి గుర్తొచ్చాడు. నామోషీ కాదన్నమాట. ముందు ఆమెకు ఏడుపొచ్చింది, తర్వాత చెప్పలేనంత కోపమొచ్చింది. ఒక్క ముక్క చెప్పి ఉంటే ఏం పోయేది? కానీ తను మాత్రం ఒక్క ముక్క అడిగిందా?

ఆ వారమంతా తల్లీకొడుకులు పొడిపొడిగా మాట్లాడుకున్నారు. ఆదివారం గుడిలో సాక్ష్యాల సమయం వచ్చింది. జ్వరం తగ్గినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు లేచి దేవునికి స్తోత్రం చెప్పి కూర్చున్నారు. అప్పుడు శీనమ్మ రూబీ భుజం పట్టుకుని లేచింది.

"మోకాళ్లు నయమైనాయని చెప్పేదానికి లేయలేదు అయ్యగారూ. నా బిడ్డ చిన్నప్పుడు భయపడి వాడి చేత ఒక తీర్మానం చేయించినాను. చేయించి నేను మర్చిపోయినాను, వాడు మర్చిపోలా. సినిమా చూడనన్నాడు, చూళ్లేదు. పెళ్లాం పక్కన గూడా కూర్చోలేదు. ఆ మాట వాడిది కాదు, నా భయానిది. సంఘం ముందర చేయించినాను గనక సంఘం ముందరే ఎనక్కి తీసుకుంటుండాను. దేవుడు నన్ను క్షమించాల. వాడు గూడా."

హెన్రీ పాస్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇలాంటి సాక్ష్యం ఆయన సర్వీసులో విని ఉండరు. "పసిబిడ్డ చేత పలికించిన మాటమ్మా అది. దేవుడు పట్టుకుని కూర్చోడు. సంఘం ఏమంటుంది?" అన్నారు.

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ ఆమేన్ అన్నారు. మగవాళ్ల వైపు కూర్చున్న దయాసాగర్ తల ఎత్తలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏంజెలిన్ ఆగిపోయిన చోటి నుంచే సినిమా పెట్టింది. దయాసాగర్ లోపలికీ రాలేదు, బయటికీ పోలేదు. గడప మీద కూర్చున్నాడు. కాసేపటికి గోడకు ఆనుకున్న వీపు ముందుకు వంగింది.

"ఇప్పుడు బెంచీ ఎత్తుతాడు చూడు" అన్నాడు ఉన్నట్టుండి.

కుర్రవాడు బెంచీ ఎత్తాడు.

"ఇదేనా నువ్వు చూసింది?" అంది తల్లి.

"ఇదే."

కథ ముగిసింది. రౌడీలు తోక ముడిచారు. దయాసాగర్ లేవబోయాడు.

"కూర్చో నాన్నా, అసలు మజా ఇప్పుడే" అంది ఏంజెలిన్.

"అయిపోయిందిగా. మా హాల్లో ఈడికే క్యాసెట్టు కట్టేసేవాళ్లు. తర్వాత ఆటకు జనం కాచుకోనుంటారని."

పేర్లు పడుతున్నాయి. పక్కనే, సినిమా తీసేటప్పుడు గురి తప్పిన ముక్కలు చూపిస్తున్నారు. కుర్రవాడు గోడ మీంచి దూకాడు, అందుకోవలసిన కొమ్మ అందలేదు. దబ్బున పడ్డాడు. నలుగురు పరిగెత్తుకొచ్చి ఎత్తారు. మరుసటి ముక్కలో చేతికి కట్టుతో కనిపించాడు. కట్టు చూపించి నవ్వి, మళ్లీ అదే గోడ ఎక్కుతున్నాడు.

దయాసాగర్ గడప మీంచి లేచి టీవీ దగ్గరికి వచ్చాడు.

"పడినాడా?" అన్నాడు. "వాడు గూడా పడినాడా?"

"ప్రతి సినిమాలో పడతాడు నాన్నా."

"నేనొక్కణ్ణే పడినాననుకున్నానే..."

నవ్వాడు. ఆ ఇంట్లో ఎవరూ వినని నవ్వు, పొట్ట పట్టుకుని నవ్వేది. నవ్వుతూనే ఎడమచేతి మోచేయి తడుముకున్నాడు, తడుముకుంటూనే ఏడ్చాడు. శీనమ్మ అతని చేతిని ఒడిలోకి లాక్కుంది. వంకరగా అతుక్కున్న ఎముక మీద నిమురుతూ ఉండిపోయింది.

రూబీ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చింది.

"మళ్లీ మొదటి నుంచి పెట్టు పాపా, నేను సగమే చూసినాను" అంది. భర్త వైపు తిరిగి, "జరుగు" అంది.

దయాసాగర్ జరిగాడు. ఆమె అతని పక్కన కూర్చుంది.