తొంభై ఒకటో ముక్క

మధ్యాహ్నం గదిలో కాలు పెట్టే సందు లేదు. నేలంతా గుడ్డముక్కలే. బొంత కుట్టడానికి అమ్మమ్మ పాత బట్టలన్నీ ఒకే కొలతకు కత్తిరించింది.

"ఇది మీ అమ్మ స్కూల్లో చేరిన రోజు వేసుకున్న గౌను. ఎంత ఏడ్చిందనుకున్నావ్!" అంది మనవరాలితో నవ్వుతూ. ఒక్కో ముక్కకూ ఒక్కో కబురు. అలాంటి మధ్యాహ్నాలు ఇప్పుడెక్కడివి!

మనవరాలిని ఇంట్లో అందరూ గడుగ్గాయి అనేవాళ్ళు. ఆ పిల్ల ముక్కలు లెక్కపెట్టింది. తొంభై ఒకటి. ఆ వారమే టీచర్ ప్రధాన సంఖ్యలు చెప్పారు. ఇంకేముంది, పాఠమంతా అమ్మమ్మకు అప్పజెప్పింది.

"పదిహేనైతే ఐదేసి చొప్పున మూడు వరసలు పేర్చొచ్చు. అది సంయుక్త సంఖ్య. పదమూడైతే ఒకే పొడుగు వరస తప్ప సమంగా రాదు. అది ప్రధాన సంఖ్య."

"మరి మన తొంభై ఒకటో?"

గడుగ్గాయి రెండుతో, మూడుతో, ఐదుతో భాగించి చూసింది. పోలేదు.

"ప్రధాన సంఖ్యే! ఒకటి తీసేస్తే పదేసి చొప్పున తొమ్మిది వరసలు" అని, కాలి చిల్లుపడిన నీలం ముక్కను పక్కకు విసిరేసింది.

అమ్మమ్మ దాన్ని తీసుకుని చేత్తో సాపు చేసింది.

"మీ తాతయ్య రేడియోలు బాగుచేసేటప్పుడు వేసుకునే చొక్కా ఇది. టంకం బొట్టు పడి కాలింది. రేడియో పాడటం మొదలవగానే నన్ను కేకేసి పిలిచేవారు." ముక్కను మడిచి పక్కన పెట్టుకుంది. "సర్లే, లెక్క కుదరకపోతే నువ్వేం చేస్తావు?"

నాలుగు రోజులు కూర్చుని అమ్మమ్మ బొంత కుట్టింది. ఇక కింద గుడ్డ వేయడమే తరువాయి.

ఆ రోజే గడుగ్గాయి క్లాసులో గొప్పగా లేచింది. "టీచర్, తొంభై ఒకటి ప్రధాన సంఖ్య!"

"ఏడుతో చూశావా?" అన్నారు టీచర్.

పదమూడు ఏడులు తొంభై ఒకటి! గడుగ్గాయి ఎక్కం మళ్ళీ మనసులో చెప్పుకుంది.

"అది అందరినీ బోల్తా కొట్టిస్తుందిలే" అని టీచర్ నవ్వారు. గడుగ్గాయికి నవ్వు రాలేదు. నీలం ముక్కే కళ్ళముందు మెదిలింది. బడి వదలగానే ఇంటికి పరుగెత్తింది.

"అమ్మమ్మా, తాతయ్య ముక్క కూడా బొంతలో పడుతుంది! నేనే సరిగ్గా చూడలేదు."

"కుట్టిందంతా విప్పాలా? నాకా ఓపిక లేదే తల్లీ."

"రెండు వరసలు విప్పితే చాలు. ఆ ఇరవైకి తాతయ్యది కలిపితే ఇరవై ఒకటి. మిగిలిన ఏడు వరసలకూ తలా మూడు. నేను విప్పుతాగా!"

బయట స్నేహితులు ఆటకు పిలిచారు. వెళ్ళలేదు. చీకటి పడేదాకా ఒక్కో కుట్టూ విప్పింది. ఈసారి కుట్టకముందే అన్నీ నేలమీద పేర్చి చూసుకుంది. తర్వాత నీలం ముక్క చేతిలోకి తీసుకుంది.

"ఇది ఎక్కడ పెట్టమంటావు, అమ్మమ్మా?"

"తలవైపు పెట్టవే" అంది అమ్మమ్మ. "పడుకుంటే నా చెంపకు తగలాలి."